మ్రోగినదెల్లా వాద్యమగునా?
మైక్రోకంట్రోలరుతో నిర్మించే సింథసైజరు మాడ్యూళ్లు – గుణదోష విచారణ

పాఠశాల విజ్ఞాన ప్రదర్శనలో ఒక విద్యార్థి చిన్న పెట్టె ముందు నిలబడి ఉంటాడు. పెట్టెలో ఒక మైక్రోకంట్రోలరు బోర్డు, నాలుగు గుబ్బలు, ఒక స్పీకరు ఉంటవి. గుబ్బ తిప్పగానే పెట్టె కూస్తుంది. చూడవచ్చినవారు సంతోషిస్తారు, బహుమతి కూడా రావచ్చును. అయితే ఆ ధ్వని ఎట్లా పుట్టినదని అడిగేవారు తక్కువ. అది శ్రుతిలో ఉన్నదా అని అడిగేవారు అంతకన్న తక్కువ.

బొబ్బిలిలో పనసకొయ్యతో వీణ చేసే పనివానిని మనం ఇంత సులభంగా వదలిపెట్టము. మైనం మీద అమర్చిన మెట్లు తమ తావులలో ఉన్నవా, తీగ మీటితే నాదం నిలుస్తున్నదా అని పరీక్షించిన తరువాతనే అది వీణ అని ఒప్పుకుంటాము. విద్యుత్తుతో పలికే వాద్యానికి మాత్రం ఈ పరీక్ష ఎందుకు ఉండరాదు? ఉండవలెనని నా అభిప్రాయం. ఈ వ్యాసంలో అట్టి వాద్యాలను కొన్నిటిని మూడు విషయాలలో పరీక్షింతము. అది సంగీతానికి పనికివచ్చునా? దానిని కట్టినవానికి అది అర్థమగునా? చేసినవారు లేకపోయినా అది బ్రతుకునా? ఇందుకు ముఖ్యంగా తీసుకొనే ఉదాహరణలు పారిస్ నగరంలో ఎమిలీ జిలే అనే ఇంజనీరు స్థాపించిన మ్యూటబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ సంస్థ తయారు చేసినవి. వాటి వలయ చిత్రాలు, ప్రోగ్రాములు అందరికీ బహిరంగంగా లభిస్తున్నవి కాబట్టి విమర్శకు అవి తగినవి. మూసిన పెట్టెను మెచ్చుకోవచ్చును, తెగడవచ్చును. విమర్శించుట మాత్రం కష్టం.

మాడ్యూలు అనగా నేమి?

సింథసైజరు అంటే విద్యుత్ సంకేతాలను కూర్చి స్వరాన్ని నిర్మించే వాద్యం. దానిలో మూడు ముఖ్యమైన పనులున్నవి. కంపనాలను పుట్టించుట మొదటిది. అది డోలకం పని. ఆ కంపనాలలోని కొన్ని అనుస్వరాలను అణచి కొన్నిటిని నిలుపుట రెండవది. అది ఫిల్టరు పని. ధ్వని ఎట్లా లేచి ఎట్లా అణగవలెనో నిర్ణయించుట మూడవది. ఈ పనులను వేర్వేరు పెట్టెలకు అప్పగించి, వాటిని తీగలతో మనకు నచ్చిన వరుసలో కలుపుకొనే పద్ధతిని అమెరికాలో రాబర్ట్ మోగ్ 1964లో రూపొందించినాడు. ఒక్కొక్క పెట్టె ఒక మాడ్యూలు. మన దేశానికి ఇది కొత్త కాదు. 1969లోనే అహమ్మదాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో ఒక మోగ్ సింథసైజరును నెలకొల్పినారు.

మాడ్యూళ్లు పరస్పరం మాట్లాడుకొనే భాష వోల్టేజి. డోలకానికి ఇచ్చే వోల్టేజి ఒక వోల్టు పెరిగితే స్వరం ఒక స్థాయి పైకి పోవలెను. అంటే పౌనఃపున్యం రెండింతలు కావలెను. స్థాయిలో 12 అర్ధస్వరాలున్నవి కాబట్టి ఒక అర్ధస్వరానికి సుమారు 83.3 మిల్లీవోల్టులు. అర్ధస్వరాన్ని నూరు భాగాలు చేస్తే ఒక్కొక్క భాగం పేరు సెంటు. ఒక సెంటుకు వచ్చేది 0.83 మిల్లీవోల్టు మాత్రమే. ఈ అంకెను పాఠకులు గుర్తుంచుకొనగోరుతాను. ముందు చెప్పబోయే గుణదోషాలలో సగం దీనిమీదనే ఆధారపడి ఉన్నవి. మన సంగీతశాస్త్రంలో 81/80 నిష్పత్తిగల సూక్ష్మాంతరం సుమారు 21.5 సెంట్లు. దానిని గుర్తించే చెవులు గల సంప్రదాయం మనది.

1995లో జర్మనీకి చెందిన డోప్‌ఫర్ సంస్థ ఎ-100 అనే మాడ్యూళ్ల వరుసను వెలువరించినది. 128.5 మిల్లీమీటర్ల ఎత్తు, 3.5 మిల్లీమీటర్ల జాకులు, ధన ఋణ 12 వోల్టుల విద్యుత్తు అనే కొలతలను తరువాత అనేకులు అనుసరించినారు. యూరోరాక్ అనే ఈ పద్ధతివల్ల ఒకరు చేసిన మాడ్యూలు మరొకరి చట్రంలో ఒదుగుతుంది. ఇంట్లో బల్లమీద టంకం పెట్టుకొనే విద్యార్థి కూడా ఈ సంఘంలో సభ్యుడు కాగలిగినాడు.

మైక్రోకంట్రోలరు ఎందుకు వచ్చినది?

మోగ్ పద్ధతి డోలకంలో ట్రాన్సిస్టర్లున్నవి. వోల్టేజి సమభాగాలుగా పెరిగితే పౌనఃపున్యం రెట్టింపులుగా పెరగవలెను. ఈ సంబంధాన్ని ట్రాన్సిస్టరు సహజంగా ఇస్తుంది. కాని ఆ సంబంధంలో ఉష్ణోగ్రత కూడా చొరబడుతుంది. గది ఉష్ణోగ్రత వద్ద పరమమానంలో సుమారు 300 డిగ్రీలు కాబట్టి, ఒక డిగ్రీ మారితే వాలులో దాదాపు మూడువందవ వంతు, అనగా 0.33 శాతం తేడా వస్తుంది. ఆధార స్వరానికి నాలుగు స్థాయిల దూరంలో, అనగా 4800 సెంట్ల దూరంలో, ఈ తేడా డిగ్రీకి 16 సెంట్లు. మన వేసవిలో ఉదయానికీ మధ్యాహ్నానికీ పది డిగ్రీల భేదం సామాన్యం. దిద్దుబాటు లేని డోలకం ఆ వేళకు ఒకటిన్నర అర్ధస్వరం తప్పుతుంది. ఇట్టి దోషాన్ని సరిచేయడానికి ఉష్ణోగ్రతతో మారే ప్రత్యేకమైన రెసిస్టర్లు వాడతారు.

మైక్రోకంట్రోలరు కాలాన్ని క్వార్ట్జ్ స్ఫటికంతో కొలుస్తుంది. స్ఫటికం పదిలక్షలకు 50 వంతులు తప్పినా స్వరంలో వచ్చే తేడా సెంటులో పదవ వంతుకు లోపే. ఇది దాని గొప్ప గుణం. ఎండకు శ్రుతి మారదు. ఇంత లాభం చూచి, మైక్రోకంట్రోలరు వాడితే చాలు, శ్రుతి దానంతట అదే కుదురుతుందని తొందరపడి అనుకొనేవారున్నారు. ఆ భ్రమను తొలగించుటే ఈ విచారణలో ప్రధానం.

మొదటి ప్రయత్నంలో కనిపించే నాలుగు దోషాలు

డిజిటల్ డోలకం గానుగెద్దు వంటిది. గానుగ చుట్టు దారిలో 65,536 అడుగులున్నవని అనుకుందాము. సెకనుకు 32,000 సార్లు గంట మ్రోగుతుంది. మ్రోగినప్పుడల్లా ఎద్దు నియమిత సంఖ్యలో అడుగులు వేస్తుంది. ఒక చుట్టు పూర్తయితే ఒక కంపనం. ఎక్కువ అడుగులు వేస్తే స్వరం హెచ్చుతుంది. అయితే ఎద్దు అర అడుగు వేయదు. 440 హెర్ట్జ్ స్వరానికి 901.12 అడుగులు కావలెను. 901 వేస్తే వచ్చే తప్పు పావు సెంటు కూడా లేదు. 55 హెర్ట్జ్ స్వరానికి 112.64 అడుగులు కావలెను. 113 వేస్తే స్వరం అయిదున్నర సెంట్లు హెచ్చుతుంది, 112 వేస్తే సుమారు పది సెంట్లు తగ్గుతుంది. కింది స్థాయిలో జారు వేస్తే అది జారు కాదు, మెట్లు దిగినట్లుంటుంది. ఇది 16 బిట్ల లెక్కింపు దోషం. 32 బిట్లు వాడితే అడుగు ఎంతో సన్నగిల్లి ఈ దోషం పూర్తిగా మాయమవుతుంది. ప్రోగ్రాములో ఒక్క పదం మార్పుతో తీరే దోషం ఇది. కాని కారణం తెలియనివాడు తన స్పీకరును నిందిస్తాడు.

రెండవది, ఆర్డుయినో వంటి బోర్డులలో వాడుకగా ఉన్న పల్సు వెడల్పు పద్ధతి. ఒక కాలును వేగంగా వెలిగించి ఆర్పుతూ, వెలిగిన కాలపు నిష్పత్తితో సరాసరి వోల్టేజిని పొందుతారు. ఆర్డుయినో యూనోలో ఏ మార్పూ చేయకపోతే ఈ వేగం చాలా కాళ్లమీద 490 హెర్ట్జ్. 490 హెర్ట్జ్ మనకు చక్కగా వినిపించే స్వరం! పల్లకి మోసే బోయీలే పాడసాగితే లోపలి పెళ్లికూతురి పాట ఎవరికి వినబడుతుంది? అదే చిప్పులో గడియారాన్ని సరిగా అమరిస్తే ఈ వేగాన్ని 62,500 హెర్ట్జ్‌కు పెంచవచ్చును. అప్పుడొక రెసిస్టరు, ఒక కెపాసిటరు దానిని అణచడానికి సాయపడతవి.

మూడవది వోల్టేజిని చదివే పద్ధతి. యూనో 5 వోల్టులను 1024 భాగాలు చేస్తుంది. ఒక భాగం 4.88 మిల్లీవోల్టులు, అంటే దాదాపు ఆరు సెంట్లు. చదువు ఒక అంకె అటూ ఇటూ ఊగినా స్వరం వణుకుతుంది. 2021లో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై పికో బోర్డు నాలుగు డాలర్ల వెలకే దొరికి, విద్యార్థుల చేతికి గొప్ప శక్తి నిచ్చినది. అది వోల్టేజిని 4096 భాగాలుగా చదువుతుంది. కాని అందులోని ఆర్పీ 2040 చిప్పులో నాలుగు తావులలో భాగాలు ఉండవలసినదానికన్న వెడల్పుగా ఉన్నవని తయారీదారులే తమ పత్రంలో ఒప్పుకున్నారు. స్వరం నెమ్మదిగా పెరిగేటప్పుడు ఆ తావులలో అది ఒక క్షణం ఆగిపోతుంది. గుబ్బలను చదవడానికి ఇది బాధ కాదు. శ్రుతిని చదవడానికి బాధే.

నాలుగవది సూక్ష్మమైనది. సినిమాలో పరుగెత్తే బండిచక్రం వెనుకకు తిరుగుతున్నట్లు కనిపించడం అందరూ చూచినదే. ధ్వనిలోనూ ఇట్టి భ్రాంతి ఉన్నది. సెకనుకు 40,000 నమూనాలు తీసే యంత్రం 20,000 హెర్ట్జ్‌కు పైనున్న కంపనాన్ని చూపలేదు. దానిని కిందికి మడిచి చూపుతుంది. రంపపు పళ్లవంటి తరంగాన్ని 3,000 హెర్ట్జ్ వద్ద పలికించినామనుకోండి. దాని అనుస్వరాలు 6,000, 9,000 అని పోతూ ఏడవది 21,000 అవుతుంది. అది మడతపడి 19,000 వద్ద వినిపిస్తుంది. పదకొండవది 7,000 వద్ద, పన్నెండవది 4,000 వద్ద, పదమూడవది 1,000 హెర్ట్జ్ వద్ద తేలుతవి. అసలు స్వరానికన్న కింద, దానితో ఏ సంబంధమూ లేని ఒక పరాయి స్వరం! స్వరం పైకి పోతుంటే ఈ పరాయి స్వరం కిందికి దిగుతుంది. పాట పాడే ఇంట్లో పక్కింటివారి రేడియో వినబడినట్లుంటుంది. దీనికి మందు, పై అనుస్వరాలను మొదటినుంచే తగ్గించిన తరంగాలను వాడుట.

శ్రుతి-1 : చిన్న యంత్రం, పెద్ద పాఠం

ఎమిలీ జిలే 2010లో వెలువరించిన శ్రుతి-1 అనే వాద్యం ఈ దోషాలను ఎట్లా ఎదుర్కొన్నదో చూడదగినది. దాని పేరే మన మాట. ఖచ్చితంగా చెప్పవలెనంటే అది మాడ్యూలు కాదు. ఒకేసారి ఒక్క స్వరం పలికే చిన్న బల్లపెట్టె. కాని మాడ్యూళ్లు కట్టేవారికి అది ఆదిపాఠం. విడిభాగాల పొట్లంగా అమ్మినారు. కొన్నవారు తామే టంకం పెట్టుకొన్నారు.

దాని మెదడు ఏటీమెగా 644పి అనే ఎనిమిది బిట్ల చిప్పు. గడియారం సెకనుకు రెండుకోట్ల స్పందనలు. నమూనాలు సెకనుకు సుమారు 39 వేలు. భాగించి చూస్తే ఒక్కొక్క నమూనాకు దొరికేది సుమారు 510 స్పందనలు. ఆ కొద్ది వ్యవధిలో రెండు డోలకాలను లెక్కించి, కలిపి, గుబ్బలను కూడా గమనించవలెను. ఇంత ఇరుకులో పని జరగడానికి కారణం ముందుగానే లెక్కకట్టి పెట్టుకొన్న పట్టికలు. రంపపు తరంగాన్ని ఒక్క పట్టికగా కాక, స్వరం హెచ్చినకొద్దీ అనుస్వరాలు తగ్గే అనేక పట్టికలుగా దాచినారు. మడతస్వరపు దోషానికి పైన చెప్పిన మందు ఇదే. ఈ పట్టికలను తయారుచేసిన సూత్రాలు కూడా ప్రోగ్రాముతోపాటు బహిరంగంగా ఉన్నవి. పట్టిక మాత్రమే ఇచ్చి సూత్రం దాచి ఉంటే అది ఎక్కాల పుస్తకం అయ్యేది. సూత్రం కూడా ఇచ్చినందువల్ల అది గణితపాఠమైనది.

మరొక వివేకం, ఫిల్టరును ప్రోగ్రాముకు అప్పగించకపోవుట. డోలకాలు అంకెలలో, ఫిల్టరు ఎల్ఎం 13700 వంటి అనలాగ్ చిప్పులతో వేరే బోర్డు మీద ఉన్నవి. ఆ బోర్డును తీసి మరొక రకం ఫిల్టరు బోర్డు పెట్టుకోవచ్చును. చిన్న చిప్పుకు ఏది సులభమో అది చిప్పుకు, ఏది కష్టమో అది రెసిస్టర్లకు, కెపాసిటర్లకు పంచి ఇచ్చినారు. ఇట్టి పని విభజననే మంచి నిర్మాణం అనవచ్చును.

దోషాలూ లేకపోలేదు. ఎనిమిది బిట్ల కరుకుదనం దాని స్వరంలో ఉన్నది. కొందరికది రుచి, అందరికీ కాదు. అంతకన్న ముఖ్యమైన దోషం ముఖభాగంలో ఉన్నది. రెండు వరుసల చిన్న తెర, నాలుగు గుబ్బలు. అనేక విషయాలను పేజీలుగా విడదీసి ఆ నాలుగు గుబ్బలకే కట్టినారు. ఏ గుబ్బ ఇప్పుడేమి చేస్తున్నదో తెర చూచి తెలుసుకోవలెను. వీణవాయించేవాడు మెట్లు చదువుకొంటూ వాయించడు. ఇంకొక మాట: శ్రుతి-1 స్వరాన్ని వోల్టేజిగా కాక, 1983లో ఏర్పడిన మిడి పద్ధతిలో స్వరసంఖ్యగా స్వీకరిస్తుంది. కాబట్టి వోల్టేజి చదువులోని కష్టం దానికి ఎదురుకాలేదు. ఆ పరీక్ష తరువాతి వాద్యాలకు మిగిలినది.

బ్రెయిడ్స్, ప్లెయిట్స్ : శక్తి పెరిగినది, దూరమూ పెరిగినది

2013 నుండి అదే సంస్థ యూరోరాక్ మాడ్యూళ్లను తయారుచేసినది. బ్రెయిడ్స్ అనే డోలకంలో 72 మెగాహెర్ట్జ్ వేగంగల 32 బిట్ల ఎస్‌టీఎం 32 చిప్పు ఉన్నది. నమూనాలు సెకనుకు 96,000. భాగిస్తే నమూనాకు 750 స్పందనలు. గడియారం మూడున్నర రెట్లకు మించి పెరిగినా వ్యవధి ఒకటిన్నర రెట్లే పెరిగినది. మిగిలిన లాభాన్ని నమూనాల సంఖ్య పెంచడానికి వెచ్చించినారు. ఇది తెలివైన ఖర్చు. మడత పడే అంచు 48,000 హెర్ట్జ్‌కు పోయినది కాబట్టి పరాయి స్వరాలు చాలావరకు చెవికి దూరమైనవి. 2018లో వచ్చిన ప్లెయిట్స్‌లో దశాంశాలను నేరుగా లెక్కించగల చిప్పు ఉన్నది, నమూనాలు 48,000, వ్యవధి నమూనాకు 1500 స్పందనలు. వెలువడినప్పుడు అందులో 16 రకాల ధ్వనినిర్మాణ పద్ధతులున్నవి.

శ్రుతిని కుదుర్చుకొనే విధానం ఉపాధ్యాయులకు ఉపయోగపడేది. ప్లెయిట్స్‌కు మొదట 1 వోల్టు, పిమ్మట 3 వోల్టులు ఇచ్చి రెండు చదువులను గుర్తుంచుకొమ్మంటారు. ఉదాహరణకు ఒక మాడ్యూలులో 1 వోల్టుకు 830, 3 వోల్టులకు 2450 వచ్చినవనుకుందాము. భేదం 1620, వోల్టుకు 810. వెనుకకు లెక్కిస్తే శూన్య వోల్టు వద్ద 20. ఇక ఏ చదువు వచ్చినా 20 తీసివేసి 810తో భాగిస్తే వోల్టులు వస్తవి. ఇది ఉన్నత పాఠశాలలో నేర్పే సరళరేఖా సమీకరణమే. వాలు, అంతరఖండం అని నల్లబల్లమీద వ్రాసినప్పుడు నిద్రపోయే విద్యార్థి, తన డోలకం శ్రుతి కుదరడం విన్నప్పుడు మేల్కొంటాడు. అయితే ఈ విధానం రేఖ వాలును, స్థానాన్ని సరిచేయగలదే గాని రేఖలోని గతుకులను సరిచేయలేదు. పైన చెప్పిన పికో బోర్డు దోషం గతుకు జాతికి చెందినది. అందుచేత ఆ బోర్డుతో కట్టే వారు శ్రుతి చదువుకు వేరే మంచి చిప్పును జోడించుట మేలు.

ఇక దోషాలు. బ్రెయిడ్స్‌లో ఒక తిరుగుడు గుబ్బతో పద్ధతిని ఎన్నుకొంటాము. నాలుగక్షరాల తెరమీద దాని పొట్టిపేరు కనిపిస్తుంది. 'టింబర్', 'కలర్' అనే రెండు గుబ్బల పేర్లు మారవు. కాని పద్ధతి మారినప్పుడల్లా అవి చేసే పని మారుతుంది. ఒకచోట తరంగపు ఆకారం, మరొకచోట తీగ బిగువు వంటిది. పేరు ఒకటే, భౌతికార్థం వేరు. ప్లెయిట్స్‌లో తెరను కూడా తీసివేసి దీపాలను ఉంచినారు, గుబ్బలు మూడైనవి. వాడేవానికిది హాయి, నిజానికి చెవిని నమ్ముకొనే సంగీతవేత్తకు ఇదే మేలు. నేర్చుకొనేవానికి మాత్రం ఏ దీపం వెనుక ఏ శాస్త్రమున్నదో ముఖం చూస్తే తెలియదు.

పైగా ఇవి కట్టుకొనే పొట్లాలుగా రాలేదు. పూర్తిగా తయారై వచ్చినవి. శ్రుతి-1లోని చిప్పు కాళ్ల మధ్య దూరం 2.54 మిల్లీమీటర్లు. బ్రెయిడ్స్ చిప్పు కాళ్ల మధ్య దూరం అర మిల్లీమీటరు. చిత్రం బహిరంగమే అయినా చేయి అందుకోలేని చిత్రం పాఠశాలకు సగమే ప్రయోజనకారి. అనుభవశాలి కాని విద్యార్థి అర మిల్లీమీటరు కాళ్లతో మొదలుపెట్టుట ఈత రానివాడు గోదావరి వరదలో దిగినట్లే.

చిప్పులో ప్రోగ్రాము లేని ఉదాహరణ

దీనికి పోటీగా మరొక నిర్మాణాన్ని చూడవలెను. టామ్ విట్‌వెల్ 2012లో మ్యూజిక్ థింగ్ మాడ్యులర్ పేరిట వెలువరించిన ట్యూరింగ్ మెషిన్ అనే మాడ్యూలులో మైక్రోకంట్రోలరే లేదు. 16 గదుల వరుస ఉన్నది. ఒక్కొక్క గదిలో ఒకటిగాని సున్నగాని ఉంటుంది. గడియారం కొట్టినప్పుడల్లా అన్నీ ఒక గది ముందుకు జరుగుతవి. చివరిది మొదటికి వస్తుంది. తిరిగి వచ్చేటప్పుడు దానిని మార్చవలెనా వద్దా అన్నది విద్యుత్ రొద నిర్ణయిస్తుంది. మార్పు ఎంత తరచుగా జరగవలెనో పెద్ద గుబ్బ చెబుతుంది. ఒక కొసకు తిప్పితే ఏ మార్పూ లేక 16 అడుగుల వరుస మళ్లీ మళ్లీ పలుకుతుంది. మరొక కొసకు తిప్పితే ప్రతి బిట్టూ తలక్రిందులై వచ్చి వరుస 32 అడుగులవుతుంది. నడుమ ఉంచితే యాదృచ్ఛికం. గదుల స్థితులు మొత్తం 65,536.

ఇది డోలకం కాదు, స్వరాల వరుసను పుట్టించే యంత్రం మాత్రమే. ప్లెయిట్స్ చేయగల పనిలో శతాంశం చేయదు. కాని ప్రతి అడుగూ దీపాలమీద కనిపిస్తుంది. కాగితం మీద పదహారు గళ్లు గీసి, నాణెం ఎగురవేసి, తరగతిలోని పిల్లలే ఈ యంత్రం కావచ్చును. అర్థమగుట అనే పరీక్షలో నేను దీనికే మొదటి స్థానమిస్తాను. శక్తి, బోధ అనేవి ఒకే తూకంలో పెరగవు అనడానికి ఇది సాక్ష్యం.

సర్క్యూట్ బోర్డు కూడా వలయంలో భాగమే

కంప్యూటరులో బోర్డు చిత్రం గీసి, కర్మాగారానికి పంపి, అచ్చువేయించుకొనుట నేడు విద్యార్థులకు కూడా సాధ్యం. కీక్యాడ్ వంటి సాధనాలు ఉచితంగా దొరుకుతున్నవి. ఇందువల్ల బోర్డును అట్టముక్కగా భావించే అలవాటు పెరిగినది. ఒక చిన్న లెక్క చూడండి. సాధారణపు బోర్డుమీద రాగిపూత మందం 35 మైక్రాన్లు. పావు మిల్లీమీటరు వెడల్పు, 25 మిల్లీమీటర్ల పొడవుగల గీతకు నిరోధం సుమారు 0.05 ఓము. అయిదు దీపాలు ఒక్కొక్కటి పది మిల్లీఆంపియర్ల చొప్పున ఆ గీత గుండా భూమికి పోతే, గీత రెండు కొసల మధ్య 2.5 మిల్లీవోల్టుల భేదం ఏర్పడుతుంది. స్వరవోల్టేజికి కూడా అదే గీత భూమి అయితే దీపాలు వెలిగినప్పుడల్లా శ్రుతి మూడు సెంట్లు కదులుతుంది. ప్రోగ్రాములో ఎంత వెదకినా ఈ తప్పు దొరకదు. అది రాగిలో ఉన్నది. దీపాల భూమిని, స్వరపు భూమిని వేర్వేరు దారుల్లో నడిపి మూలంలో కలుపుటయో, ఒక పొరనంతా భూమిగా పరచుటయో చేయవలెను.

అట్లే ప్రతి చిప్పు పక్కన 0.1 మైక్రోఫారడు కెపాసిటరు పెట్టుమంటారు. కారణం తెలియక కొందరు దానిని బోర్డు మూలకు చేరుస్తారు. చిప్పు గడియారం కొట్టినప్పుడల్లా విద్యుత్తును గుక్కగుక్కగా తాగుతుంది. దాహమైనప్పుడు కుండ పక్కన ఉండవలెను గాని ఊరి చివర చెరువుంటే ఏమి లాభం? విద్యుత్ తీగను తలక్రిందులుగా పెట్టినా చిప్పులు కాలకుండా కాపాడే డయోడ్లు లేకుండా పిల్లలకు బోర్డు ఇచ్చుట తప్పు. ఇతరుల బోర్డు చిత్రాన్ని యథాతథంగా అచ్చువేయించినవానికి ఈ మూడు విషయాలలో ఒక్కటీ తెలియనక్కరలేదు. అక్కడే ప్రమాదమున్నది.

చేసినవారు లేకపోయినా

మూడవ పరీక్షకు వచ్చినాము. 2022లో మ్యూటబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ సంస్థ పని ముగించుకొన్నది. మూసిన పెట్టెలైతే అంతటితో కథ ముగిసేది. పాడైనవి పాడైనట్లే పోయేవి. కాని బ్రెయిడ్స్, ప్లెయిట్స్ ప్రోగ్రాములు ఎవరైనా వాడుకొని మార్చుకోవచ్చునన్న అనుమతితోను, వలయ చిత్రాలు తమ మార్పులను కూడా అదే విధంగా పంచవలెనన్న నియమంతోను వెలువడి ఉన్నవి. సంస్థ పేరును మాత్రం ఇతరులు వాడరాదు, అది న్యాయమే. అందుచేత ఆ డోలకాలు నేడు ఇతర చేతులలో, ఇతర చిప్పులమీద, కంప్యూటరు ప్రోగ్రాములలోను పలుకుతున్నవి. గురువు పోయినా బాణీ నిలిచినట్లు నిలిచినవి. ఈ పరీక్షలో వీటికి పూర్తి మార్కులు ఇవ్వవలెను.

అయినా ఒక హెచ్చరిక అవసరం. బహిరంగంగా ఉన్నదానికీ, బోధపడినదానికీ భేదమున్నది. భారతం ఇంట్లో ఉన్నంతమాత్రాన ఇంటిల్లిపాదీ పండితులు కారు. ప్రోగ్రామును తెచ్చి బోర్డులో నింపి, మ్రోగించి, 'నేను చేసినాను' అనుట అసత్యం కాదు గాని అర్ధసత్యం. దానిలో ఒక్క పట్టికను మార్చి, వినబడబోయే తేడాను ముందుగా చెప్పి, అదే వినబడినదని చూపగలిగితే అప్పుడు నిజంగా చేసినవాడగును.

కాబట్టి ఈ పనికి పూనుకొనే ఉపాధ్యాయులకు నా సూచన ఇది. పెద్ద కాళ్ల చిప్పుతో, ఒక్క డోలకంతో మొదలుపెట్టండి. బోర్డు అచ్చువేయించడానికి ముందు గుచ్చే పలక మీద కట్టించండి. ప్రదర్శనలో న్యాయనిర్ణేతగా కూర్చున్నప్పుడు విద్యార్థిని నాలుగు ప్రశ్నలు అడగండి: సెకనుకు ఎన్ని నమూనాలు? స్వరంలో ఒక అడుగు ఎన్ని సెంట్లు? పై స్థాయిలో పరాయి స్వరం వినబడుతున్నదా, ఎందువల్ల? దీపాల విద్యుత్తు ఏ దారిన భూమికి పోతున్నది? నాలుగింటికీ సరియైన జవాబులు రాకపోయినా ఫరవాలేదు. 'నా యంత్రం కింది స్థాయిలో అయిదు సెంట్లు తప్పుతున్నది, కారణమిది' అని చెప్పిన బాలునికి, అందంగా మ్రోగే పెట్టెతో మౌనంగా నిలబడిన బాలునికన్న ఎక్కువ మార్కులు ఇవ్వండి. తన వాద్యంలోని అపశ్రుతిని కొలిచి చెప్పగలవాడు దానిని సరిచేయడానికి సగం దారి నడిచినట్లే.